రీఫ్ ట్యాంకులో ఐప్టేసియా పడితే ఏం చేయాలి

ఇక్కడ హ్యూస్టన్‌లో పగడాల ట్యాంకు పెట్టుకున్న మన తెలుగు కుర్రాళ్లు నాకు వాట్సాప్‌లో ఐప్టేసియా (ట్యాంకు రాళ్ల మీద కలుపులా పెరిగే, పువ్వులా కనిపించే చిన్న సీ అనిమోన్) ఫోటో పంపి అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "అన్నా, దీన్ని బ్లేడుతో గీకేయనా?" వద్దు తమ్ముడూ. ఐప్టేసియా పాదంలోంచి చిన్న ముక్క రాయికి అతుక్కుని మిగిలినా చాలు, అదే ఇంకో ఐప్టేసియాగా పెరుగుతుంది. దాన్ని కదిలిస్తే తెల్లటి దారాల్లాంటివి బయటికి వదులుతుంది. వాటి నిండా కుట్టే కణాలే, పక్కనున్న పగడానికి తగిలితే కాలిపోతుంది. కాబట్టి చంపితే మొత్తంగా చంపాలి, లేదా తినే ప్రాణిని తెచ్చి తినిపించాలి. మధ్యస్థంగా ఏం చేసినా సంఖ్య పెరుగుతుంది.

ముందు అది ఐప్టేసియానేనా అన్నది తేల్చుకోండి. గోధుమ రంగు, వెలుతురు అవతలికి కనిపించేంత పల్చటి ఒళ్లు, పొడుగు కాడ, మొనదేలిన సన్నటి టెంటకిల్స్ (నోటి చుట్టూ ఉండే మీసాల్లాంటివి). పైపెట్ కొన దగ్గరికి తెస్తే లటుక్కున రాతి సందులోకి ముడుచుకుపోతుంది. ఫెదర్ డస్టర్ పురుగు కూడా అలాగే ముడుచుకుంటుంది కానీ, అది లోపలికి వెళ్లాక గొట్టం బయట మిగులుతుంది. అది మంచి ప్రాణి, దాని జోలికి పోకండి. పొట్టిగా, ఆకుపచ్చగా, టెంటకిల్స్ చివర్లు ఉబ్బి ఉంటే అది మజానో అనే ఇంకో రకం అనిమోన్. దానికీ కింద చెప్పే పేస్టు పద్ధతి పనిచేస్తుంది.

ఒకటో రెండో ఉండి, అవి చిన్న రాయి మీదే ఉంటే అదృష్టం. రాయి బయటికి తీసి, ఐప్టేసియా అతుక్కున్న చోట రాతి ముక్కతో సహా బోన్ కటర్‌తో విరిచి పారేయండి. దీనికి మించిన మందు లేదు. రాయిని ఉడకబెట్టే ఆలోచన మాత్రం అస్సలు చేయొద్దు. దాని మీద జొవాంథిడ్లు (గుంపులుగా పెరిగే, పగడాల్లాంటి చిన్న ప్రాణులు) ఉంటే వాటిలో పాలీటాక్సిన్ అనే ఘోరమైన విషం ఉండొచ్చు, ఆ ఆవిరి పీల్చి కుటుంబాలకు కుటుంబాలే ఆసుపత్రి పాలయిన సంఘటనలున్నాయి.

పది పదిహేను దాకా ఉంటే కాల్క్ పేస్టు. కాల్క్‌వాసర్ పొడి అంటే కాల్షియం హైడ్రాక్సైడ్. మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు డబ్బా చూసి "తమలపాకుల్లోకి రాసుకునే సున్నమేగా ఇది" అంది. నిజమే, అదే పదార్థం. కానీ కిళ్లీ సున్నం ట్యాంకులో వాడకండి, అందులో ఇంకేం కలిసుంటాయో మనకు తెలియదు. అక్వేరియం కోసం అమ్మే పొడినే కాసిని ఆర్‌ఓ నీళ్లతో దోసె పిండి కంటే కాస్త చిక్కగా కలపండి. చేతికి గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి. ఇది బాగా ఘాటైన క్షారం.

పంపులు, వేవ్‌మేకర్లు అన్నీ ఆపేయండి. సూది లేని సిరంజికి సన్నటి ప్లాస్టిక్ గొట్టం తగిలించి, పక్క నుంచి కాకుండా పైనుంచి నిదానంగా దించండి. నీడ మీద పడినా, నీరు కదిలినా అది ముడుచుకుపోతుంది. అలా ముడుచుకుంటే చేయి వెనక్కి తీసి, మళ్లీ విచ్చుకునేదాకా ఆగండి. టెంటకిల్స్ మధ్యలో నోరు కనిపిస్తుంది. సరిగ్గా దాని మీద ఒక్క చుక్క వదలండి. తిండి అనుకుని టెంటకిల్స్ లోపలికి మడిచి మింగుతుంది. మింగుతూ ముడుచుకునేటప్పుడే ఇంకాస్త పేస్టుతో ఆ కన్నాన్ని పూర్తిగా కప్పేయండి. ఈ రెండో చుక్క చాలామంది వదిలేస్తారు, నాలుగు రోజుల్లో అదే కన్నంలోంచి పిల్లలు వస్తాయి. పావుగంట ఆగి పంపులు వేయండి. ఒకే పూట అన్నిటికీ పెట్టకండి, పీహెచ్ ఎగబాకుతుంది. రోజుకు మూడు నాలుగు చాలు. పగడానికి బాగా ఆనుకుని ఉన్నదాన్ని పేస్టుతో ముట్టుకోవద్దు.

లెక్కపెట్టలేనంత ఉంటే సిరంజి పక్కన పెట్టేయండి, ఓపిక వృథా. నా ఓటు బెర్గియాకి. వేలి గోరంత ఉండే ఈ నత్తజాతి ప్రాణి ఐప్టేసియా తప్ప వేరే ఏదీ తినదు. రాత్రి లైట్లు ఆర్పాక, పంపులు ఆపి, ఐప్టేసియా ఉన్న రాయి మీదే నాలుగైదింటిని కలిపి వదలండి. నెలలు పడుతుంది. ముందు చిన్నవి మాయమవుతాయి, తర్వాత పెద్దవి. సిక్స్‌లైన్ రాస్ చేప, పెప్పర్‌మింట్ రొయ్య ఉన్న ట్యాంకులో వేస్తే మాత్రం డబ్బు దండగ, అవి బెర్గియాని తినేస్తాయి.

పెప్పర్‌మింట్ రొయ్య చవక కాబట్టి అందరూ ముందు దాన్నే కొంటారు. చిన్న ఐప్టేసియాల్ని కొన్ని రొయ్యలు బాగానే తింటాయి, కొన్ని పెల్లెట్లు మరిగి అటు చూడవు. కొనేటప్పుడు జాగ్రత్త: వీపు మీద గూనిలా లేచి, పెద్ద కళ్లతో, ఎర్ర ఒంటి మీద తెల్లచారలుంటే అది క్యామెల్ రొయ్య, పగడాల్నే పీక్కు తింటుంది. కాపర్‌బ్యాండ్ చేప ఐప్టేసియాని తింటుంది కానీ తిండికి అలవాటు పడక చాలావరకు చచ్చిపోతుంది. దీని కోసమని ఒక ప్రాణిని తెచ్చి ఆకలితో చంపడం నాకు ఇష్టం లేదు.

ఇవన్నీ చేస్తూనే ట్యాంకులో వేసే తిండి తగ్గించండి. ఐప్టేసియా ఒంట్లో ఉండే ఆల్గే వెలుతురుతో దానికి కొంత తిండి తయారు చేసి పెడుతుంది కాబట్టి మాడ్చి చంపలేం. కానీ చేపలు తినగా మిగిలిపోయిన మైసిస్ (మేతగా వేసే చిన్న రొయ్యల్లాంటివి) దొరికితే అది పెరిగే వేగమే వేరు. ఎంత తేలిగ్గా పెరుగుతుందంటే, పగడాలకీ ఆల్గేకీ ఉన్న పొత్తును అర్థం చేసుకోవడానికి ల్యాబుల్లో దీన్నే పెంచుతారు. 2015లో దీని జీనోమ్ కూడా ప్రచురించారు.

కొత్త ఫ్రాగ్ (పెంచడానికి కోసి అమ్మే పగడపు ముక్క) తెచ్చినప్పుడు, అది అతికించి ఉన్న ప్లగ్గు అడుగుభాగం టార్చి వేసి చూడండి. వీలైతే ప్లగ్గు తీసేసి కొత్తదానికి అతికించండి, పురుగుల్ని వదిలించే డిప్ మందులో ముంచితే చాలనుకోకండి. ట్యాంకు శుభ్రమయ్యాక సంప్ (ట్యాంకు కింద ఉండే ఫిల్టర్ తొట్టి), ఓవర్‌ఫ్లో పెట్టె, రిటర్న్ పైపు మూలలు కూడా చూడండి, అక్కడ ఒకటి మిగిలినా మళ్లీ పైకి వస్తుంది. మేత అయిపోయాక బెర్గియాలు ఆకలికి చచ్చిపోతాయి. అందుకే చివరి రెండు మూడు ఐప్టేసియాలు కనిపిస్తుండగానే బెర్గియాల్ని పైపెట్‌తో తీసి, ఇదే బాధ పడుతున్న ఇంకొకరికి ఇచ్చేయండి.