క్రిస్మస్ పాటలో ఇరవై గొంతుల్ని ఒక్కటి చేయడం ఎలా?

కావలసినవి: ఒక కీబోర్డు, పాట కాగితాలు, రికార్డు చేయడానికి ఫోను. మైకులు వద్దు. చివరి వారం దాకా బీరువాలోనే ఉండనివ్వండి.

అందరూ నిలబడాలి. కుర్చీల్లో కూలబడి ప్రాక్టీసు చేసిన క్వయర్ బాగా పాడగా నేను చూడలేదు. పది నిమిషాలు గొంతు సవరించుకోండి. పిల్లలు కారాట ఆడుతూ పెదాలతో ‘బుర్ర్’మన్నట్టు కింది నుంచి పైకి, పైనుంచి కిందికి. తర్వాత నోరు మూసి ‘మ్’ అంటూ సరిగమప, పమగరిస. ఊపిరి తీస్తే పొట్ట కదలాలి, భుజాలు కాదు.

శ్రుతి విషయంలో ఆడవాళ్లకి ఐదున్నర, మగవాళ్లకి ఒకటి అంటూ ఒక్కరే పాడేటప్పుడు చెప్పే శ్రుతి లెక్కలు ఇక్కడ పనికిరావు. పై స్వరంలో ఆడవాళ్లు అరవకుండా, కింది స్వరంలో మగవాళ్లు గొణక్కుండా ఉండే చోటు చూసి ఖాయం చేయండి. ఆ తర్వాత రోజుకో రకంగా ట్రాన్స్‌పోజ్ (శ్రుతి మార్చే మీట) నొక్కే కీబోర్డు తమ్ముడిని ఆపడం మీ బాధ్యత.

అసలు చిక్కంతా అచ్చుల దగ్గర ఉంది. సాగదీసేది అచ్చునే కదా! ‘పుట్టాడు’ తీసుకోండి. డిసెంబరులో ఎన్నిసార్లు పాడతామో లెక్కలేదు. రాసేది ‘టా’ అనే. మాట్లాడేటప్పుడు మాత్రం చాలామంది నోట అది ‘ట్యా’కి దగ్గరగా, ‘ఆ’కీ ‘ఏ’కీ మధ్యన పలుకుతుంది. మాటల్లో ఎవరూ పట్టించుకోం. ఆ ‘టా’ మీద నాలుగు తాళం దెబ్బలు నిలవాల్సి వస్తే సగంమంది నోరు నిలువుగా, సగంమంది నోరు అడ్డంగా తెరుచుకుంటుంది. స్వరం ఒకటే అయినా వినేవాళ్లకి అపశ్రుతిలాగే ఉంటుంది. ఓ ఏడాది ఇది తెలియక మా ఆల్టోలని, అంటే ఆడవాళ్లలో కింది స్వరం పాడేవాళ్లని, మూడు వారాలు వేపుకు తిన్నాను. పాపం, వాళ్ల శ్రుతి సరిగ్గానే ఉంది.

కాబట్టి పాట ఆపేయండి, కీబోర్డు కూడా. కింది దవడ వదులుగా వేలాడనిచ్చి, నిలువుగా రెండు వేళ్లు పట్టేంత నోరు తెరిచి ఒకే స్వరం మీద ‘ఆ’ అనాలి. ముందు ఒక్కరే. పెద్ద గొంతు కాదు, శుభ్రమైన గొంతున్నవాళ్లు. తర్వాత పక్కవాళ్లు ఒక్కొక్కరే చేరాలి. ఎవరు చేరారో గుర్తుపట్టగలిగితే అక్కడే ఆపి మళ్లీ మొదలుపెట్టండి. విసుగొస్తుంది, గొణుగుతారు, ఆపకండి. రికార్డు చేసి వినిపించండి. మీరు చెబితే నమ్మనివాళ్లు ఫోను చెబితే నమ్ముతారు.

పై స్వరాల్లో ‘ఈ’ని నవ్వుముఖంతో పాడితే కీచుమంటుంది. పెదాలు ‘ఊ’కి చుట్టినట్టు కాస్త ముందుకు తెచ్చి, లోపల ‘ఈ’నే పలకాలి. ‘స్తోత్రము’లో ‘ము’ని ‘మూ’ చేయకండి. ‘త్ర’ మీద నిలిచి, చివరి దెబ్బకి అందరూ ఒకేసారి ‘ము’ అని వదలాలి.

గట్టిగా పాడిస్తే గొంతులు వాటంతటవే కలుస్తాయనే మాస్టార్లున్నారు. గట్టిగా పాడేవాడికి పక్కవాడు వినపడడు, ఇక దేనితో కలుస్తాడు? ఎకో పెంచమనేవాళ్లు ఇంకొందరు. ఎకో పెంచితే ఇరవై రకాల ‘ఆ’లు నలభై అవుతాయి.

అచ్చులు కుదిరాకే సోప్రానో, ఆల్టో (ఆడవాళ్ల పై, కింది గొంతులు), టెనర్, బాస్ (మగవాళ్ల పై, కింది గొంతులు) విడదీయండి. బాస్‌ని వెనక మధ్యలో నిలబెట్టండి, అందరికీ వినపడాలి. చివరి ప్రాక్టీసులో కీబోర్డు లేకుండా పాట మొత్తం పాడించి, అయ్యాక కీబోర్డు మీద షడ్జమం, అంటే ‘స’, నొక్కి చూడండి. శ్రుతి జారిందా, మళ్లీ ‘పుట్టాడు’ దగ్గరికి పదండి.