కోడ్‌లో సెర్చ్ కొట్టే ముందు: పొడవు లైన్లతో జాగ్రత్త

ప్రాజెక్ట్ మొత్తంలో వెతికే ముందు ఇవి ఒకసారి చూసుకోండి.

• మినిఫై చేసిన (ఖాళీలు, కొత్త లైన్లు తీసేసి కుదించిన) జావాస్క్రిప్ట్, సోర్స్ మ్యాప్‌లు (కుదించిన కోడ్‌ను అసలు కోడ్‌తో జతచేసే ఫైళ్లు), ఒకే లైన్లో ఉన్న జేసన్ డేటా ఫైళ్లు ఎక్కడున్నాయో ముందే తెలుసుకోండి. ఫైలంతా ఒకే లైన్ కాబట్టి ఒక్క మాట దొరికినా లక్షల అక్షరాలు తెరమీదకి వచ్చిపడతాయి. ఎడిటర్ బిగుసుకుపోయేది ఇక్కడే.

• డిస్ట్, బిల్డ్ లాంటి ఫోల్డర్లను (టూల్స్ తయారుచేసిన ఫైళ్లు ఉండేవి) సెర్చ్ నుంచి తీసేయండి. వీఎస్ కోడ్ ఎడిటర్‌లో దీనికి సెర్చ్ ఎక్స్‌క్లూడ్ సెట్టింగ్ ఉంది. కమాండ్ లైన్ సెర్చ్ టూల్ రిప్‌గ్రెప్ గిట్‌ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితా) ఉన్నవాటిని తనంతట తానే వదిలేస్తుంది, కానీ ఆ జాబితాలో లేకుండా గిట్‌లోకి ఎక్కించేసిన మినిఫై ఫైళ్లు మాత్రం మిగిలిపోతాయి.

• రిప్‌గ్రెప్ వాడితే మ్యాక్స్ కాలమ్స్ ఆప్షన్‌తో హద్దు పెట్టండి. నేనైతే 200 పెడతాను. హద్దు దాటిన లైన్‌ను చూపించదు, వదిలేశానని మాత్రం చెబుతుంది. ప్రివ్యూ ఆప్షన్ కూడా కలిపితే లైన్ మొదటి ముక్క కనిపిస్తుంది, కానీ మీరు వెతికిన మాట ఆ ముక్కలో ఉండకపోవచ్చు! ఇంకో తిరకాసు: ఈ లెక్క బైట్లలో. యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో ఒక్కో తెలుగు కోడ్ పాయింట్‌కు (అక్షరం, గుణింతపు గుర్తు లాంటి ఒక్కో యూనికోడ్ సంకేతానికి) 3 బైట్లు. తెలుగు మెసేజ్‌లున్న ఫైళ్లలో హద్దు పెంచాల్సిందే.

• ఈమాక్స్ ఎడిటర్ వాడేవాళ్లు సో-లాంగ్ మోడ్ (పొడవు లైన్లున్న ఫైళ్లలో ఎడిటర్ నెమ్మదించకుండా చూసేది) ఆన్ చేసుకోండి, 27.1 నుంచి దాంతోపాటే వస్తోంది.

• రీప్లేస్ ఆల్ నొక్కబోతున్నారా? ఆగండి. తెరమీద పూర్తిగా కనిపించని పొడవు లైన్లలోనూ మార్పు జరుగుతుంది. ముందు గిట్‌లో కమిట్ చేసుకోండి (ఇప్పటి స్థితిని భద్రపరచుకోండి).