ఇంటి నుంచి పనా, ఆఫీసు పనా: మీ టీముకు సరిపడే ఏర్పాటును తేల్చుకునే పద్ధతి

వర్క్ ఫ్రమ్ హోమ్ ఆఫీసు జీవితాన్ని శాశ్వతంగా తుడిచిపెడుతుందా అన్న వాదన 2020 నుంచి ఆగలేదు. వాదించేవారిలో చాలామంది తమకు ఏది హాయిగా ఉందో దాన్నే భవిష్యత్తుగా చెబుతుంటారు కాబట్టి అది తేలడం లేదు. పదకొండేళ్లుగా ఒక చిన్న టీమును చూసుకుంటూ, కొంతకాలం పూర్తిగా ఇళ్ల నుంచి, కొంతకాలం పూర్తిగా ఆఫీసు నుంచి పని చేయించిన అనుభవంతో నాకు అర్థమైంది ఒకటే: ప్రతి ఉద్యోగంలోనూ ఎక్కడున్నా జరిగే పని కొంత, పక్కన మనిషి ఉంటేనే జరిగే పని కొంత ఉంటాయి, ఈ రెంటినీ విడదీయకుండా తీసుకునే నిర్ణయం ఏ వైపు మొగ్గినా మూణ్ణాళ్ల ముచ్చటే అవుతుంది. టీమును నడిపేవారికీ, ఈ విషయం తమ మేనేజరుతో మాట్లాడాల్సిన ఉద్యోగికీ ఉపయోగపడేలా ఆ విడదీసే పద్ధతిని ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా జోస్యాల సంగతి చూసి పక్కన పెడదాం. అమెరికా ఇంజనీరు జాక్ నిల్స్ 1973లోనే, ఆఫీసుకు వెళ్లకుండా దూరం నుంచే పనిచేయడం అన్న అర్థంలో టెలికమ్యూటింగ్ అన్న మాటను వాడుకలోకి తెచ్చారు. ఆఫీసుల రోజులు దగ్గర పడ్డాయన్న మాట కూడా అప్పటి నుంచీ వినబడుతూనే ఉంది. ఆ తరువాత నడక ఒకే దారిన సాగలేదు. ఇంటి నుంచి పనిచేసేవారిని యాహూ 2013లో వెనక్కి పిలిచింది. ఆ ఏర్పాటుకు దశాబ్దాలుగా పేరుపడ్డ ఐబీఎం కూడా 2017లో అమెరికాలోని కొన్ని విభాగాల వారిని ఆఫీసులకు రమ్మంది. 2025 జనవరి నుంచి వారానికి ఐదు రోజులూ ఆఫీసుకు రావాలని అమెజాన్ 2024 సెప్టెంబరులో ప్రకటించింది. మరోవైపు గిట్‌ల్యాబ్, ఆటోమాటిక్ వంటి సాఫ్ట్‌వేర్ సంస్థలు పదుల దేశాల్లో ఉన్న ఉద్యోగులతో ఆఫీసు అన్నదే దాదాపు లేకుండా ఏళ్ల తరబడి నడుస్తున్నాయి. ఇక పూర్తిగా ఇంటి నుంచి చేయగల ఉద్యోగాలు అమెరికాలో సుమారు 37 శాతమని జొనాథన్ డింగెల్, బ్రెంట్ నీమన్ అనే ఆర్థికవేత్తలు 2020లో లెక్కగట్టారు. నర్సు, డ్రైవరు, ఫ్యాక్టరీ కార్మికుడు, వంటమనిషి మొదటి నుంచీ ఈ వాదనలో లేరు. కాబట్టి శాశ్వతంగా మారిపోతుందా అన్న ప్రశ్నకు అందరికీ వర్తించే జవాబు లేదు. మీ టీముకు వర్తించే జవాబు మాత్రం రెండు వారాల్లో దొరుకుతుంది.

దానికి మొదట చేయాల్సింది ఒక చిట్టా. టీములో ప్రతి ఒక్కరూ రెండు వారాల పాటు తాము చేసిన పనులను రోజుకు ఐదారు వరుసల్లో రాసుకోవాలి. ఏం పని చేశారు, దానికి ఇంకెవరి అవసరం పడింది, ఆ మనిషి అదే సమయానికి అందుబాటులో ఉండాల్సి వచ్చిందా లేక తరువాత జవాబిచ్చినా సరిపోయేదా, ఆ జవాబు కోసం ఎంతసేపు ఆగారు అన్న నాలుగు వివరాలు చాలు. హోదాలను బట్టి కాక పనులను బట్టి రాయడం ముఖ్యం. అకౌంటెంటు పనంతా ఇంటి నుంచి అయిపోతుందని పైపైన అనిపించవచ్చు కానీ, ఏడాది చివర ఆడిటరుతో కూర్చునే వారం ఆ లెక్కలో ఇమడదు. ఈ చిట్టాను అప్రైజల్‌లో వాడబోమని ముందే మాట ఇవ్వండి. ఇవ్వకపోతే ప్రతి గడిలోనూ పది నిమిషాలనే రాసి ఉంటుంది.

నేను మొదటిసారి ఈ చిట్టా పెట్టించినప్పుడు, టీములో చేరి నాలుగు నెలలైన ఒక అమ్మాయి కాగితంలో ఒక మంగళవారం దగ్గర నా కన్ను ఆగింది. ఉదయం 10:20కి ఒక సీనియరును చాట్‌లో ఒక సందేహం అడిగింది. ఆయన టైప్ చేస్తున్నట్టు మూడుసార్లు కనిపించి మాయమైంది. ఏదో మీటింగులో ఉండి మొదలుపెట్టి ఆపేసి ఉంటారు. మళ్లీ అడిగితే బాగుండదని ఆ అమ్మాయి ఆగింది. జవాబు 2:45కి వచ్చింది. ఆ జవాబు ఒకే ఒక వాక్యం, పక్క కుర్చీలో ఉంటే తల తిప్పకుండానే చెప్పగలిగేంత చిన్నది. అదే రోజు అదే సీనియరు తన చిట్టాలో, ఈ రోజు అంతరాయం లేకుండా నాలుగు గంటలు పని సాగిందని సంతోషంగా రాసుకున్నారు. అబద్ధం ఇద్దరూ రాయలేదు. ఇంటి నుంచి పని ఎవరికి లాభమో, దాని ఖర్చు ఎవరి మీద పడుతోందో ఆ రెండు కాగితాలను పక్కపక్కన పెడితే గానీ నాకు కనబడలేదు.

చిట్టాలు చేతికొచ్చాక పనులను వేరు చేయండి. ఒంటరిగా కూర్చుని ఏకాగ్రతతో చేసేవి, ఒకరు ముగించి ఇంకొకరికి అందించేవి, నలుగురూ కలిసి ఆలోచించాల్సినవి, ఒకరి దగ్గర ఒకరు నేర్చుకునేవి అని మోటుగా నాలుగు కుప్పలు చేస్తే చాలు. మొదటి రెంటికీ ఇల్లు బాగానే సరిపోతుంది; రెండో కుప్పకు మాత్రం రాతపూర్వకమైన క్రమశిక్షణ కావాలి. మూడో కుప్ప విషయంలో ఆఫీసును గుడ్డిగా నమ్మకండి. గోడలు తీసేసి అందరినీ ఒకే హాల్లో కూర్చోబెట్టిన రెండు సంస్థలను ఈథన్ బెర్న్‌స్టీన్, స్టీఫెన్ టర్బన్ అనే పరిశోధకులు పరిశీలించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, ముఖాముఖి సంభాషణలు పెరగకపోగా సుమారు 70 శాతం తగ్గినట్టు తేలింది. దూరం కూడా తన నష్టం తాను చేస్తుంది. మైక్రోసాఫ్ట్‌లో 61 వేలకు పైగా ఉద్యోగుల సమాచారంపై జరిగిన అధ్యయనంలో, అందరూ ఇళ్లకు వెళ్లాక ఎవరి గుంపులో వారు ముడుచుకుపోయారనీ, వేరే విభాగాలతో మాటలు తగ్గాయనీ వెల్లడైంది.

ఇంటి నుంచి పని ఫలించడానికి ఏ షరతులు కావాలో తెలుసుకోవాలంటే ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్, ఆయన సహచరులు చైనాలోని సీట్రిప్ అనే ట్రావెల్ సంస్థ కాల్‌సెంటరులో 2010 చివర మొదలుపెట్టిన తొమ్మిది నెలల ప్రయోగం కంటే మంచి ఉదాహరణ నాకు కనబడలేదు. ఇంటి నుంచి చేసినవారి పని 13 శాతం పెరిగిందన్న మాటనే అందరూ చెబుతారు గానీ, ఆ అంకె వెనుక ఉన్న ఏర్పాటును ఎవరూ చెప్పరు. ఆ ప్రయోగానికి తమంతట తాము ముందుకొచ్చిన వారినే తీసుకున్నారు. వారికి సంస్థలో కనీసం ఆరు నెలల అనుభవం, ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్, పని చేసుకోవడానికి విడిగా ఒక గది ఉండి తీరాలి. వారానికి నాలుగు రోజులు ఇంట్లో చేసి ఐదో రోజు ఆఫీసుకు రావాలి. పెరుగుదలలో ఎక్కువ భాగం విరామాలూ సెలవులూ తగ్గి పనిచేసిన నిమిషాలు పెరగడం వల్ల వచ్చిందే. ఇంత లాభం కనబడ్డాక కూడా ప్రయోగం ముగియగానే చాలామంది ఒంటరితనం భరించలేక ఆఫీసుకే తిరిగి వెళ్లారు. అంతే బాగా పనిచేసినా ఇంట్లో ఉన్నవారికి ప్రమోషన్లు తక్కువగా దక్కాయి.

అదే సంస్థ తరువాత ట్రిప్ డాట్ కామ్ అన్న పేరుతో 1,612 మంది ఉద్యోగులపై మరో ప్రయోగానికి ఒప్పుకుంది. ఈసారి వారానికి రెండు రోజులు మాత్రమే ఇంటి నుంచి పని. 2024లో నేచర్ అనే సైన్సు పత్రికలో వచ్చిన ఫలితాల ప్రకారం రాజీనామాలు మూడో వంతు తగ్గాయి. పనితీరు మీదా ప్రమోషన్ల మీదా చెడు ప్రభావం కనిపించలేదు. పూర్తిగా ఇల్లు లేదా పూర్తిగా ఆఫీసు అన్న రెండు కొసల కంటే మధ్యస్థమైన హైబ్రిడ్ ఏర్పాటే చాలా టీములకు నిలబడుతుందని నేను అనుకోవడానికి ఇదొక కారణం. రెండో కారణం నాలుగో కుప్ప, అంటే నేర్చుకోవడం.

కొత్తగా వచ్చినవారు అడిగి నేర్చుకునే దానికంటే, అడగకుండా విని నేర్చుకునేది ఎక్కువ. కస్టమరుతో గొడవ వచ్చినప్పుడు సీనియరు గొంతు ఎలా తగ్గించారో, మేనేజరు అడిగిన గడువుకు ఏ మాటలతో కుదరదన్నారో ఏ శిక్షణ వీడియోలోనూ ఉండదు. అందుకే ఆఫీసు రోజులను నిర్ణయించేటప్పుడు టీములో అందరికంటే కొత్త మనిషి నుంచి మొదలుపెట్టండి. ఏడాది నిండనివారు ఉన్నంతకాలం, వారికి పని నేర్పగల సీనియరులు వారానికి కనీసం రెండు రోజులు వారి పక్కనే ఉండేలా చూడండి. సీనియరులకు ఇది నచ్చదు. నేర్చుకున్నది తమ పైవాళ్ల పక్కన కూర్చునేనన్న సంగతి గుర్తు చేసినా వెంటనే నచ్చదు. ఆ అసంతృప్తిని భరించడం నాయకుడి జీతంలో భాగమని నా అభిప్రాయం. అందరూ పదేళ్ల అనుభవం ఉన్నవారే అయితే నెలకు రెండు మూడు రోజులు కలిసినా సరిపోవచ్చు.

ఆఫీసు రోజులు అందరికీ ఒకటే అయి ఉండాలి. ఎవరికి వీలైన రోజు వారు రావచ్చన్న నియమం వినడానికి ఉదారంగా ఉంటుంది కానీ, ఆచరణలో అన్నిటికంటే చెడ్డది. గంటన్నర ప్రయాణం చేసి వచ్చి, ఖాళీ కుర్చీల మధ్య హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఇంట్లో ఉన్న సహోద్యోగులతో వీడియో కాల్‌లో మాట్లాడే మనిషికి ఆఫీసు మీద మిగిలేది విరక్తే. ఆ రోజుల్లో ఒంటరి పని పెట్టకండి. సమీక్షలు, కొత్తవారితో కలిసి చేసే పనులు, పక్క విభాగంతో తేల్చుకోవాల్సిన చిక్కులు ఆ రోజులకే దాచిపెట్టుకోండి.

ఇంటి రోజులకు కావాల్సింది నిఘా సాఫ్ట్‌వేర్ కాదు, రాత అలవాటు. మౌసు ఎన్నిసార్లు కదిలిందో లెక్కపెడితే, మౌసును కదిలించే పరికరాలు కొంటారు, అంతే. ప్రతి నిర్ణయాన్నీ, అది కాల్‌లో జరిగినా సరే, అందరికీ కనబడే ఒక డాక్యుమెంటులో రెండు వాక్యాల్లో రాయాలి: ఏం నిర్ణయించాం, ఎందుకు. చాట్ సందేశానికి ఎన్ని గంటల్లోపు జవాబు రావాలో, ఆగలేని పని అయితే ఫోన్ చేయవచ్చో లేదో ముందే ఒప్పుకోవాలి. మా టీములో రెండు గంటలు అనుకున్నాం, ఏడాది నిండనివారి ప్రశ్నకు మాత్రం అరగంట. మీటింగులో ఒక్కరు దూరం నుంచి చేరినా, గదిలో ఉన్నవారూ ఎవరి ల్యాప్‌టాప్ నుంచి వారు చేరడం మేలు. లేకపోతే గదిలో నవ్వులు వినబడుతుంటాయి, దూరంగా ఉన్న మనిషికి విషయం తెలియదు. పని గంటల తరువాత సందేశాలకు దూరంగా ఉండే హక్కును ఫ్రాన్స్ 2017 నుంచి చట్టంలో చేర్చింది. మీ దగ్గర అలాంటి చట్టం ఉన్నా లేకపోయినా, రాత్రి గుర్తొచ్చిన విషయాన్ని పొద్దున్నే చేరేలా షెడ్యూల్ చేయడానికి పట్టేది రెండు క్లిక్కులే. కుర్చీ, వెలుతురు, నెట్ కనెక్షన్ సంగతి మీకు తెలిసిందే. విడి గది లేనివారికి ఆఫీసులో ఒక బల్ల ఎప్పుడూ ఉంచాలన్నది మాత్రం మరవకండి, ఎందుకంటే ఇంటి నుంచి పని అందరికీ వరమని అనేవారు సాధారణంగా ఆ విడి గది ఉన్నవారే.

అప్రైజల్ ముందు ఒక పని చేయండి. ప్రతి ఒక్కరి గురించీ ఈ ఆరు నెలల్లో పూర్తయిన పనులను మాత్రమే రాసుకుని, ఆ తరువాతే పేర్లు చూసి గ్రేడు వేయండి. రోజూ ఎదురుపడే మనిషి కష్టం పెద్దదిగా కనబడటం మానవ సహజం. నా మొదటి ఏడాది గ్రేడులను తరువాత తిరగేస్తే, ఎక్కువగా ఆఫీసుకు వచ్చినవారి వైపే అవి ఒరిగి ఉన్నాయి.

మీరు మేనేజరు కాకుండా ఉద్యోగి అయితే, ఇదే చిట్టాను మీ ఒక్కరి కోసం రాసి దానితోనే మాట్లాడండి. నాకు ఇల్లు హాయిగా ఉంటుందన్న మాట కంటే, ఈ మూడు పనులు బుధ, శుక్రవారాల్లో ఇంటి నుంచి చేసి అందిస్తాను, మిగిలిన మూడు రోజులు ఆఫీసులో ఉంటాను, మూడు నెలలు చూసి కుదరకపోతే మారుద్దాం అన్న ప్రతిపాదనను తోసిపుచ్చడం కష్టం. గడువు ఉన్న ప్రయోగానికి ఒప్పుకునేవారు, గడువు లేని మార్పుకు ఒప్పుకోరు.

టీముకైనా అంతే, ఏర్పాటును మూడు నెలలకే రాసుకోండి; ముగింపు తేదీని క్యాలెండరులో ముందే వేయండి. ఆ తేదీకి వారం ముందు మళ్లీ చిట్టాలు తెరిచి, ఈసారి జవాబు కోసం ఆగిన సమయాన్నీ, అంతరాయం లేకుండా పని సాగిన సమయాన్నీ మాత్రమే రాయమనండి. మా టీములో రెండోసారి ఆ అమ్మాయి కాగితంలో అన్నిటికంటే పెద్ద అంకె నలభై నిమిషాలు. సీనియరు కాగితంలో అంతరాయం లేని నాలుగు గంటలు రెండున్నరకు తగ్గాయి. ఆయన అడిగిన మీదట ఆఫీసు రోజుల్లో ఒకదాన్ని మధ్యాహ్నం నుంచి మొదలుపెట్టేలా మార్చాం. తరువాతి సమీక్ష తేదీ మళ్లీ క్యాలెండరులో ఉంది.