లినక్స్ డెస్క్‌టాప్‌కు తేలికైన మెయిల్ ప్రోగ్రాం: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

లినక్స్‌కు కొత్తగా మారినవారు మెయిల్ చూసుకోవడానికి ఏది మంచిదని అడిగితే చాలామంది వెంటనే ఒక పేరు చెప్పేస్తారు. నేను మాత్రం ముందు మూడు సంగతులు కనుక్కుంటాను: ఖాతా ఎవరి దగ్గర ఉంది, కంప్యూటర్‌లో ర్యామ్ ఎంత ఉంది, అదే ఖాతాను ఫోన్‌లో కూడా చూస్తారా. వీటికి జవాబు తెలియకుండా ఎంచుకున్న ప్రోగ్రాం ఎంత మంచిదైనా నెల తిరగకుండానే ఏదో ఒక ఇబ్బంది తెచ్చిపెడుతుంది. తరచుగా ఎదురయ్యే ఇబ్బందులు, వాటి మూలాలు, సరిచేసుకునే పద్ధతులు ఇవి.

పాస్‌వర్డ్ సరిగానే ఉన్నా ఖాతా తెరుచుకోవడం లేదు

అన్నిటికంటే ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇదే. బ్రౌజర్‌లో పనిచేసే పాస్‌వర్డ్ మెయిల్ ప్రోగ్రాంలో పనిచేయకపోతే తప్పు మీ టైపింగ్‌లో లేదు. బయటి ప్రోగ్రాంలు మామూలు పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే పద్ధతిని గూగుల్ వ్యక్తిగత ఖాతాలకు 2022 మే 30 నుంచి నిలిపివేసింది. మైక్రోసాఫ్ట్ కూడా వ్యక్తిగత అవుట్‌లుక్ ఖాతాలకు 2024 సెప్టెంబరు నుంచి అదే బాట పట్టింది. ఇప్పుడు ప్రోగ్రాం ఒక చిన్న కిటికీ తెరిచి, మిమ్మల్ని ఆ సంస్థ లాగిన్ పేజీకే తీసుకెళ్లి, అక్కడి నుంచి అనుమతి తెచ్చుకోవాలి. ఈ పద్ధతి పేరు ఓఆథ్.

కాబట్టి జీమెయిల్ ఉన్నవారు ఓఆథ్ తెలిసిన ప్రోగ్రాంనే ఎంచుకోవాలి. థండర్‌బర్డ్, ఎవల్యూషన్, కేమెయిల్ మూడింటిలోనూ ఆ సదుపాయం ఉంది. గియరీ అనే మరో మెయిల్ ప్రోగ్రాంకు గ్నోమ్ డెస్క్‌టాప్ సెట్టింగ్స్‌లోని ఆన్‌లైన్ అకౌంట్స్‌లో ఖాతా ముందే చేర్చి ఉంచడం మంచి పద్ధతి. థండర్‌బర్డ్‌లో లాగిన్ కిటికీ వచ్చినట్టే వచ్చి ముందుకు సాగకపోతే, ప్రైవసీ సెట్టింగ్స్‌లో కుకీలను అంగీకరించే గడికి టిక్కు ఉందో లేదో చూడండి. ఆ టిక్కు లేకపోతే అనుమతి పూర్తి కాదు.

పాత ప్రోగ్రాంనే వాడుకోదలిస్తే, గూగుల్ ఖాతాలో రెండంచెల ధ్రువీకరణ పెట్టుకున్నాక 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ ఒకటి తీసుకుని, అసలు పాస్‌వర్డ్ అడిగిన చోట దాన్ని ఇవ్వవచ్చు.

ఎవల్యూషన్, గియరీ వాడేవారికి ఇలాంటిదే ఇంకో చికాకు ఎదురవుతుంది. కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ కీరింగ్, అంటే పాస్‌వర్డ్‌లను దాచి ఉంచే తాళపు పెట్టె, తన పాస్‌వర్డ్ అడుగుతుంది. పాస్‌వర్డ్ లేకుండానే డెస్క్‌టాప్‌లోకి వెళ్లేలా ఆటోమేటిక్ లాగిన్ పెట్టుకోవడమే దీనికి కారణం. దాన్ని తీసేస్తే కీరింగ్ మీ లాగిన్‌తోపాటే తెరుచుకుంటుంది.

ప్రోగ్రాం తెరిస్తే కంప్యూటర్ మొత్తం నెమ్మదిస్తోంది

థండర్‌బర్డ్ ఫైర్‌ఫాక్స్ ఇంజన్ మీదే నడుస్తుంది. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో పక్కన బ్రౌజర్ కూడా తెరిచి ఉంటే ఆ భారం స్పష్టంగా కనిపిస్తుంది. ప్రోగ్రాం మార్చే ముందు రెండు పనులు చేసి చూడండి. జనరల్ సెట్టింగ్స్‌లో, వెతకడానికి వీలుగా మెయిళ్లన్నిటికీ సూచిక తయారుచేసే గ్లోబల్ సెర్చ్ ఇండెక్సర్‌ను ఆపివేయండి. ఆ తర్వాత పెద్ద ఫోల్డర్లను కాంపాక్ట్ చేయండి. డిలీట్ చేసిన మెయిల్ ఫైల్లోంచి వెంటనే పోదు, కాంపాక్ట్ చేసినప్పుడే పోతుంది. అందువల్ల ఏళ్ల తరబడి వాడిన ఇన్‌బాక్స్ ఫైలు పైకి కనిపించేదానికంటే ఎన్నో రెట్లు పెద్దదిగా ఉండవచ్చు.

అప్పటికీ నెమ్మదిగానే ఉంటే నేను క్లాజ్ మెయిల్ వైపు మొగ్గుతాను. పాత యంత్రాల మీద దానంత చురుగ్గా కదిలే ప్రోగ్రాం నేను చూడలేదు. ప్రతి మెయిల్‌నూ విడి ఫైలుగా దాస్తుంది కనుక ఒక ఫైలు పాడైనా మిగతావి భద్రంగా ఉంటాయి. అయితే దాని పరిమితి ముందే తెలుసుకోవాలి: రంగులతో, బొమ్మలతో అలంకరించిన మెయిల్ రాయడం అందులో కుదరదు, సాదా అక్షరాలే వెళ్తాయి. వచ్చిన మెయిల్‌ను అలంకరణతో చూడాలన్నా అదనంగా ప్లగిన్ చేర్చాలి. ఉత్తరం రాసి పంపడమే పనిగా ఉన్నవారికి ఇది లోటనిపించదు.

కంప్యూటర్‌లో మెయిల్ తెరిచాక ఫోన్‌లో ఏమీ కనిపించడం లేదు

మా వీధిలో ఉండే, పదవీ విరమణ చేసిన తెలుగు మాస్టారి ల్యాప్‌టాప్‌లో లినక్స్ మింట్ పెట్టిన వారానికి ఆయన నన్ను పిలిపించారు. "ఏమయ్యా, నా ఉత్తరాలన్నీ ఏమయ్యాయి?" అంటూ ఫోన్ నా చేతికిచ్చారు. ఇన్‌బాక్స్ ఖాళీ! ల్యాప్‌టాప్ తెరిచి చూస్తే వందలకొద్దీ ఉత్తరాలు, అమ్మాయి పంపిన ఫొటోలతో సహా, లోకల్ ఫోల్డర్లో వరసగా ఉన్నాయి. ఖాతా పాప్ పద్ధతిలో చేరింది. పాప్ సర్వర్ నుంచి ఉత్తరాలను దించుకుంటుంది. దించినవాటి ప్రతిని సర్వర్ మీద ఉంచమని చెప్పకపోతే అక్కడి నుంచి తీసేస్తుంది. ఐమ్యాప్ అయితే ఉత్తరాలను సర్వర్ మీదే ఉంచి, ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ ఒకే స్థితిని చూపిస్తుంది.

అదే ఖాతాను ఐమ్యాప్‌గా రెండోసారి చేర్చి, లోకల్ ఫోల్డర్లోని ఉత్తరాలను కొద్దికొద్దిగా ఎంచుకుని కొత్త ఖాతా ఇన్‌బాక్స్‌లోకి కాపీ చేశాను. సాయంత్రానికి అవన్నీ సర్వర్‌కు చేరి మాస్టారి ఫోన్‌లో మళ్లీ కనిపించాయి. అలా కనిపించాకే పాప్ ఖాతాను తొలగించాలి. తొందరపడి ముందే తొలగిస్తే ఉన్న ఒక్క ప్రతీ పోయే ప్రమాదం ఉంది.

రెండు పరికరాలు వాడేవారికి నా సలహా ఐమ్యాప్ ఒక్కటే. గియరీకి పాప్ అసలు తెలియదు, ఐమ్యాప్ మాత్రమే వచ్చు. ఇది లోపమని కొందరంటారు గాని, కొత్తవారిని ఈ పొరపాటు నుంచి కాపాడేది కూడా అదే. తెర మీద బొత్తాలు తక్కువ, సంభాషణలు ఒక్కచోట వరసగా కనిపిస్తాయి. మాస్టారి లాంటివారికి ఇప్పుడు నేను దాన్నే పెడుతున్నాను. ఆఫీసు మెయిల్ మైక్రోసాఫ్ట్ ఎక్స్‌ఛేంజ్ సర్వర్ మీద ఉండి క్యాలెండర్ కూడా కావలసినవారికి మాత్రం అది చాలదు. వారు ఎవల్యూషన్‌కు, ఎక్స్‌ఛేంజ్‌తో మాట్లాడించే ఈడబ్ల్యూఎస్ ప్యాకేజీ చేర్చుకుని వాడవచ్చు.

తెలుగు అక్షరాల చోట డబ్బాలు కనిపిస్తున్నాయి

ఇది మెయిల్ ప్రోగ్రాం తప్పు కాదు, వ్యవస్థలో తెలుగు ఫాంటు లేకపోవడమే. ఉబుంటు, డెబియన్‌లలో నోటో లేదా లోహిత్ తెలుగు ఫాంటు ప్యాకేజీ చేర్చి ప్రోగ్రాంను మూసి తెరిస్తే డబ్బాలు పోతాయి. ఫాంటు ఉన్నా పిచ్చి గుర్తులు వస్తుంటే, పంపినవారి ఎన్‌కోడింగ్, అంటే అక్షరాలను సంకేతాలుగా మార్చే పద్ధతి, తప్పుగా నమోదై ఉంటుంది. అప్పుడు థండర్‌బర్డ్ వ్యూ మెనూలో ఎన్‌కోడింగ్‌ను సరిచేసే ఎంపికను నొక్కి చూడండి. తెలుగులో టైపు చేయడానికి, లినక్స్‌లో భాషల టైపింగ్ చూసుకునే ఐబస్‌కు ఎం17ఎన్ ప్యాకేజీ చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ టైపింగ్ పద్ధతులు రెండూ దొరుకుతాయి.

మెయిల్ వస్తోంది గాని వెళ్లడం లేదు

ఖాతా సెట్టింగ్స్‌లో పంపే సర్వర్ పోర్టు (మెయిల్ బయటికి వెళ్లే ద్వారం సంఖ్య) 25 అని ఉంటే మార్చండి. ఇళ్లకు ఇచ్చే కనెక్షన్లలో దాన్ని తరచుగా మూసివేస్తారు. 465 లేదా 587 ఇచ్చి, దానికి తగిన భద్రతా పద్ధతి ఎంచుకోవాలి. అటాచ్‌మెంట్ ఉన్నప్పుడే ఆగిపోతుంటే పరిమాణం చూడండి. జీమెయిల్ పరిమితి 25 ఎంబీ అయినా, పంపేటప్పుడు ఫైలు మూడో వంతు ఉబ్బుతుంది కాబట్టి 18 ఎంబీ దాటితే అనుమానించాల్సిందే.

ప్రోగ్రాం మార్చాక పాత ఉత్తరాలు రాలేదు

ఐమ్యాప్ ఖాతా అయితే కంగారు అక్కర్లేదు, కొత్త ప్రోగ్రాం సర్వర్ నుంచి అన్నీ తెచ్చుకుంటుంది. లోకల్ ఫోల్డర్లో ఉన్నవాటిని మాత్రం మీరే మోసుకెళ్లాలి. థండర్‌బర్డ్ తన సరంజామా అంతా హోం ఫోల్డర్లో దాగి ఉండే, చుక్కతో మొదలయ్యే థండర్‌బర్డ్ అనే ఫోల్డర్లో ఉంచుతుంది. స్నాప్ అనే ప్యాకేజీ రూపంలో వచ్చిన థండర్‌బర్డ్‌కు అదే ఫోల్డర్ హోంలోని స్నాప్ అనే ఫోల్డర్ లోపల ఉంటుంది. ప్రోగ్రాంను పూర్తిగా మూసివేసి, ఆ ఫోల్డర్‌ను యథాతథంగా పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకున్నాకే పాతదాన్ని తీసేయండి. ఎవల్యూషన్‌లో అయితే ఫైల్ మెనూలోనే బ్యాకప్ ఎంపిక ఉంది.