పెరట్లో పిజ్జా పొయ్యి: ఇటుక పేర్చకముందే చూసుకోవాల్సినవి

ముందు గాలి సంగతి. విశాఖలో వానాకాలమంతా నైరుతి గాలి. పొయ్యి నోరు అటు పెడితే పొగంతా వండేవాళ్ల మొహానికే. పక్కింటి డాబా మీద బట్టలు ఎక్కడ ఆరేస్తారో కూడా చూడండి, తగువులు అక్కడే మొదలవుతాయి. పైన కొబ్బరి మట్టలు, కరెంటు తీగలు ఉండకూడదు.

సముద్రపు ఇసుక వద్దు. ఉప్పుకి కాంక్రీటులోని చువ్వలు తుప్పు పడతాయి.

"మామూలు సిమెంటు చాలదా సార్?" అని మేస్త్రీ అడుగుతాడు. చాలదు. లోపలి నేల 400 డిగ్రీల సెల్సియస్ దాకా కాగుతుంది, ఆ వేడికి సిమెంటు పట్టు వదిలేస్తుంది. లోపలి వరసకి ఫైర్ బ్రిక్స్ (వేడిని తట్టుకునే ఇటుకలు), ఫైర్ క్లే (వేడిని తట్టుకునే మట్టి) కలిపిన అడుసు. కింది కాంక్రీటు శ్లాబుకీ పొయ్యి నేలకీ మధ్య వేడి కిందికి దిగకుండా ఇన్సులేషన్ పొర తప్పనిసరి.

ఇటుక కోసేటప్పుడు తడిపి కోయండి, మంచి మాస్కు పెట్టుకోండి. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్ని తినేస్తుంది.

☐ పొయ్యి నోటి ఎత్తు: గుమ్మటం (పొయ్యి గుండ్రటి పైకప్పు) లోపలి ఎత్తులో సుమారు 63 శాతం
☐ కర్ర: బాగా ఎండిన సరుగుడు మేలు; రంగేసిన పాత తలుపులు, ప్లైవుడ్ వద్దే వద్దు
☐ బూడిదకి మూతున్న ఇనుప డబ్బా (నిప్పు మర్నాటిదాకా బతికే ఉంటుంది)

అందరూ తప్పుచేసేది చివర్లో. కట్టిన మర్నాడే పెద్ద మంట వేస్తే లోపలి తడి ఆవిరై గుమ్మటాన్ని చీల్చేస్తుంది. మన ఉక్కలో ఆరడమూ ఆలస్యమే. వారం పైనే ఆగి, ఆ తర్వాత మరో వారం చిన్న మంటలు: తొలిరోజు 150 డిగ్రీలు దాటకుండా, రోజూ కొంచెం పెంచుతూ. కాగిన ఇటుకలపై నీళ్లు చల్లకండి. టార్పాలిన్ గట్టిగా కట్టండి, 2014 హుద్‌హుద్ చూసినవాళ్లకి వేరే చెప్పాలా!