పెట్టె విప్పకముందే మెట్లు చూసుకోండి

నేను ఆసుపత్రుల్లో ఎక్స్‌-రే మెషీన్లు బిగించే ఇంజనీరుని. ఎక్కడ అవసరం ఎక్కువో అక్కడికే పంపుతారు కాబట్టి, ఈ పదకొండేళ్లలో నేను వెళ్లిన ఊళ్లలో చాలావరకు ఉగ్రదాడుల భయం ఉన్నవే. నాకు బాగా అర్థమైంది ఒకటే. తుపాకీ మోత వినబడ్డాక కొత్త ఆలోచనేదీ తోచదు. ముందే చూసిపెట్టుకున్న దారి ఉంటే కాళ్లు అటు పరుగెడతాయి, లేకపోతే అక్కడే ఆగిపోతాయి.

టికెట్ కొనకముందు రెండు మూడు దేశాల ప్రభుత్వాలు ఇచ్చే ప్రయాణ సూచనలు చదవండి. అమెరికా విదేశాంగ శాఖ ప్రతి దేశానికీ ఒకటి నుంచి నాలుగు దాకా స్థాయి ఇస్తుంది, నాలుగు అంటే వెళ్లొద్దని. దేశం మొత్తానికి ఇచ్చిన అంకె చూసి ఆగకండి. కింద ఏ జిల్లా, ఏ సరిహద్దు, ఏ రోడ్డు అని విడిగా రాస్తారు, మనకు కావలసింది అదే. ఇన్సూరెన్స్ పాలసీలో ‘వర్తించనివి’ అన్న భాగం కూడా చదవాలి. ప్రభుత్వం వద్దన్న చోటికి వెళితే చాలా పాలసీలు పైసా ఇవ్వవు. చేరేలోపు మీ దేశ రాయబార కార్యాలయంలో పేరు, ఫోన్ నంబరు నమోదు చేయించుకోండి.

విమానాశ్రయంలో ఎక్కువ ప్రమాదం తనిఖీకి ముందు ఉండే హాల్లోనే. 2016 మార్చిలో బ్రస్సెల్స్ విమానాశ్రయంలో బాంబులు పేలింది చెక్-ఇన్ క్యూలు ఉండే చోటే. అందుకే నేను ఆన్‌లైన్‌లోనే చెక్-ఇన్ చేసుకుని, వీలైతే చేతి సంచీతోనే వెళ్లి, తిన్నగా తనిఖీ దాటేస్తాను. వీడ్కోలు ఇంటి దగ్గరే.

హోటల్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. ఒకసారి ఓ హోటల్లో దిగగానే, అలవాటు ప్రకారం పెట్టె విప్పకుండా ఎమర్జెన్సీ మెట్లు దిగి చూశాను. కింద తలుపుకి గొలుసు చుట్టి తాళం వేశారు. దొంగల భయమట! తీయమంటే రేపు చూద్దామన్నారు. ఆ రాత్రే వేరే చోటికి మారిపోయాను. కట్టిన డబ్బు తిరిగి రాలేదు, ఆ నిర్ణయానికి ఇప్పటికీ చింత లేదు. బోర్డు మీద ‘ఎగ్జిట్’ అని ఉంటే చాలదు, మీరే నడిచి వెళ్లి తలుపు తోసి చూడాలి. గది నుంచి మెట్ల దాకా మధ్యలో ఎన్ని తలుపులున్నాయో లెక్కపెట్టుకోండి. పొగ కమ్మితే కళ్లు పనిచేయవు, గోడ తడుముకుంటూ ఆ లెక్కతోనే వెళ్లాలి.

గది మూడో అంతస్తు నుంచి ఆరో అంతస్తు లోపు, వీధి వైపు కాకుండా అడగండి. మరీ కిందైతే లోపలికి చొరబడటం తేలిక, మరీ పైనైతే చాలా ఊళ్లలో ఫైరింజన్ నిచ్చెన అందదు. 2008లో ముంబై తాజ్ హోటల్ మీద దాడిలో కాల్పులతో పాటు మంటలూ చెలరేగాయి. కిటికీల్లోంచి ఎందరినో అగ్నిమాపక సిబ్బంది నిచ్చెనలతోనే దించారు.

పేలుడు శబ్దం వినగానే కిటికీ దగ్గరికి వెళ్లి చూడాలనిపిస్తుంది. దయచేసి వెళ్లకండి. పగిలిన గాజు పెంకులే ఎందరినో గాయపరుస్తాయి. పైగా ఒక పేలుడుతో అయిపోయిందని అనుకోలేం. 2002లో బాలిలో ఒక బార్‌లో పేలిన కొద్ది క్షణాలకే ఎదురుగా, అంతకంటే పెద్ద బాంబు పేలింది.

కాల్పులైతే బ్రిటన్ పోలీసులు మూడు మాటలు నేర్పుతారు: పరుగెత్తు, దాక్కో, చెప్పు. ఈ వరుస ముఖ్యం. దారి ఉంటే సామాన్లు వదిలేసి పరుగెత్తండి. లేకపోతే తలుపు గడియపెట్టి, బరువైనవి అడ్డుపెట్టి, తలుపుకు ఎదురుగా కాకుండా గట్టి గోడ చాటున ఉండండి. ఫోన్ వైబ్రేషన్ కూడా ఆపేయండి. పోలీసులకు చెప్పడం ఆ తర్వాతే. వాళ్లు వచ్చినప్పుడు చేతులు ఖాళీగా, పైకి కనబడేలా ఉంచండి. ఫోన్ పట్టుకుని వాళ్ల మీదికి పరుగెత్తితే అదేమిటో వాళ్లకు తెలియదు. లోపలి నుంచి వీడియోలు పెట్టొద్దు. ముంబై దాడి రోజుల్లో టీవీ లైవ్ చూస్తూ బయటినుంచి దుండగులకు ఫోన్‌లో సూచనలు ఇచ్చారు.

చుట్టూ గమనించడమంటే మనుషుల ముఖాలనీ, బట్టలనీ అనుమానించడం కాదు. ఇది మనసారా చెబుతున్నాను. నన్ను ‘ఇవాళ ఆ రోడ్డు వద్దు’ అని ఆపింది ప్రతిసారీ స్థానికులే, ఎక్కువగా ఆసుపత్రి డ్రైవర్లు. వదిలేసిన సంచీ, రోజూ కళకళలాడే సందులో హఠాత్తుగా నిశ్శబ్దం, చూడాల్సింది ఇలాంటివి.

వెళ్లేముందు రక్తస్రావం ఆపడం ఒక పూట నేర్చుకోండి. గాయం మీద గట్టిగా అదిమిపట్టాలి. చేతి నుంచో కాలి నుంచో రక్తం ఆగకుండా కారుతుంటే, గాయానికి రెండు మూడు అంగుళాల పైన, కీలు మీద పడకుండా టోర్నికెట్ (రక్తం ఆపేందుకు బిగించి కట్టే పట్టీ) బిగించి, కట్టిన టైం రాయాలి. నా సంచీలో ఒకటి ఎప్పుడూ పై అరలోనే ఉంటుంది.

మా ఆవిడతో నాకో ఒప్పందం ఉంది. ఉదయం ఎనిమిదికీ, రాత్రి తొమ్మిదికీ ఒక మెసేజ్. రెండు వరుసగా రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలో ఆమె దగ్గర రాసి ఉంది. వాట్సాప్ ఒక్కదాన్నే నమ్ముకోం. 2019 ఏప్రిల్‌లో శ్రీలంకలో ఈస్టర్ రోజు పేలుళ్ల తర్వాత ప్రభుత్వం సోషల్ మీడియాను నిలిపేసి కర్ఫ్యూ పెట్టింది. అందుకని మామూలు ఎస్సెమ్మెస్ కూడా వాడతాం. గదిలో రెండు రోజులకు సరిపడా నీళ్లూ, మందులూ ఉంచుకుంటాను. ఫోన్ పోయినా పనికొచ్చేలా రాయబార కార్యాలయం, ఆసుపత్రి, ఇంటి నంబర్లతో ఒక చీటీ చొక్కా జేబులో పెట్టుకుంటాను. వెనక వైపు నా బ్లడ్ గ్రూప్ రాసి ఉంటుంది.