కోడి కాటా ఎక్కనంటే

ఆనందపురం దగ్గర మా బావది బ్రాయిలర్ ఫారం. వారానికోసారి యాభై కోళ్లను పట్టి, కాళ్లు కట్టి, కాటాకి వేలాడదీసి తూకం చూడటం నా వంతు. చేతులనిండా గీతలు. "మిషన్ పెట్టేద్దాం బావా" అన్నాను. "కోడికా, నీకా?" అన్నాడు.

5 కిలోల లోడ్‌సెల్ (బరువును కరెంటు సిగ్నల్‌గా మార్చేది), ఆ సిగ్నల్‌ని అంకెలుగా మార్చే హెచ్‌ఎక్స్ 711 బోర్డు, వాటిని లెక్కగట్టే ఆర్డుయినో అనే చిన్న కంప్యూటర్ బోర్డు తెచ్చి ఒక చెక్క కింద బిగించాను. మొదటి కోడి ఎక్కింది, 1.9 కిలోలు. రెక్క కొట్టింది, 2.6. చుట్టం చూపుగా ఇంకోటి ఎక్కింది, 3.9. మూడోది రెట్ట వేసి దిగిపోయింది. ఖాళీ చెక్క కూడా బరువు పెరుగుతోంది!

చెక్కను ఒక్క కోడి పట్టేంతకు కోశాను. సెకనుకి 10 రీడింగులు వస్తాయి కాబట్టి 21 తీసుకుని, వరసలో పెట్టి మధ్యది మాత్రమే ఉంచాను. సగటు తీస్తే ఒక్క రెక్క దెబ్బ చాలు, లెక్క చెడడానికి. 300 గ్రాముల లోపు ఏదొచ్చినా రెట్టే అనుకుని మళ్లీ సున్నా చేసేస్తుంది. తూకం కుదిరింది.

బరువును బట్టి కోళ్లను వేరు చేయడానికి సర్వో మోటారుతో (చెప్పినంత మేరకే తిరిగే చిన్న మోటారు) తెరుచుకునే తలుపు పెట్టాను. ఆ చప్పుడుకి కోళ్లన్నీ మూలకి పరిగెత్తి ఒకదానిమీద ఒకటి పడ్డాయి. ఊపిరాడక చస్తాయని అప్పుడే పీకేశాను. ఇప్పుడు రాత్రి లైటు తగ్గించి చేత్తోనే వేరు చేస్తున్నాం, మసకలో అవి అంతగా కదలవు.

ఇంకో మెలిక, బాగా బలిసినవి చెక్క ఎక్కడానికి బద్ధకిస్తాయి. తేలికవే ఎక్కువగా ఎక్కడంతో మిషన్ చూపే సగటు తక్కువొస్తుంది. అందుకే చివరి వారం పాత కాటాయే. బావ దాన్ని పారేయలేదు, అటక మీద దాచాడు.